కొత్త గోడ మీది పైపొర

భవానీపురం

అమ్మా సింధూరీ, మీ అమ్మ ఈవేళ బాత్‌రూంలో స్నానం చేసిందే! తలుపు గడియ పెట్టుకుని, వేణ్నీళ్లతో, తలంటుకుని మరీ!

ముందు ఆ మాట చెప్పేశాను. ఇక పద్ధతిగా రాస్తాను. మేమిద్దరం కులాసా. రూర్కెలాలో నువ్వూ, అల్లుడుగారూ చల్లగా ఉండాలి. ఫోన్‌లో అయితే రెండు మాటలకే నీకు డ్యూటీ టైమైపోతుంది. ఇది తీరిగ్గా చెప్పుకోవలసిన సంగతి తల్లీ.

అమ్మ దగ్గు తగ్గిందా, ఇంకా పెరట్లోనే పోసుకుంటోందా అని అడిగావు. వరద నీళ్లకి నానిన బాత్‌రూం గోడ నుంచి టైలు ఊడి భుజం మీద పడ్డప్పటినుంచీ ఆమెకి ఆ గోడంటే హడలు కదా. చీకటితోనే లేచి పెరటి పంపు కింద చన్నీళ్లు. "ఈ దగ్గు ఇలాగే ముదిరితే ఆస్పత్రిలో పెట్టాలండీ" అని డాక్టరుగారన్నాక నాకు ముద్ద దిగలేదు.

అందుకే గవర్నర్‌పేట వెళ్లి, టైళ్ల బదులు గోడకి బిగించే ప్లాస్టిక్ ప్యానెళ్లు తెచ్చాను. తెల్లవి, సన్నటి నీలం చారలవి. మన వీధిలో జయపాల్ అని, ఆ పని చేసేవాడున్నాడు. పాత టైళ్లన్నీ రాలగొట్టి, గోడ ఆరనిచ్చి, ఒకదాని అంచు ఇంకోదాని గాడిలో దూర్చి బిగించాడు. అబ్బ, ఎంత ముచ్చటగా ఉందనుకున్నావు!

తీరా అమ్మ రెండు చెంబులు పోసుకుందో లేదో, "ఏవండోయ్, గోడ మళ్లీ ఉబ్బింది!" అని సబ్బు నురగతోనే బయటికొచ్చేసింది. మళ్లీ పంపు కిందికే. ఇంక చచ్చినా లోపలికి రానంది. నా ప్రాణం ఉసూరుమంది.

జయపాల్‌ని పిలిచాను. గోటితో ఓ మూల గిల్లి లాగాడు. నీళ్లు బుడబుడా జారాయి, కింద గోడ తళతళా! "ఉబ్బింది గోడ కాదమ్మగారూ, గీతలు పడకుండా కంపెనీవాళ్లు అంటించిన పైపొర."

"మరి అది తియ్యకుండా ఎలా వెళ్లావయ్యా? మనిషిని చంపేద్దామనా?" అంది అమ్మ.

"మర్చిపోయానమ్మగారూ" అన్నాడు తలొంచుకుని.

మర్చిపోలేదు తల్లీ. నీకు నిజం చెబుతున్నాను. "ఒలిచేద్దామా బాబాయిగారూ?" అని అతనడిగితే, "ఉంచవయ్యా, కొత్తగా ఉంటుంది" అన్నది నేనే. పాపం, అంచుల్లో మాత్రం ఒలిచి బిగించాడు. అమ్మ చివాట్లు పెడుతుంటే నావైపు చూశాడు. నేను కప్పువైపు చూశాను.

ఈవేళ అమ్మ లోపల నీళ్లు పోసుకుంటుంటే తలుపు బయట స్టూలేసుకుని కూర్చున్నాను. ఉండబట్టలేక చెప్పేశాను: "లక్ష్మీ, ఆ పొర ఉంచమన్నది నేనేనే."

చెంబు చప్పుడు ఆగింది.

"నాకు తెలుసు లెండి. స్కూటరు కొని పదేళ్లయింది, సీటు మీద కవరు తీశారా? ముందు ఆ అబ్బాయికి ఫోన్ చేసి క్షమించమనండి. తర్వాత తువ్వాలందించండి."

రెండూ చేశాను.

ఇట్లు,
నిన్ను తలుచుకుని పొంగిపోతున్న
మీ నాన్న

వీళ్లకి చెప్పు తల్లీ: మీ ఎల్లారావు మావయ్యకి. వెంకటరత్నమ్మ అత్తయ్యకి, కాస్త గట్టిగా, చెవుడు కదా. రత్తయ్య పెదనాన్నకి స్నానం సంగతి మాత్రమే, పొర సంగతి వద్దు, ప్రతి పెళ్లిలో చెబుతాడు. గన్నవరంలో నాంచారమ్మ పిన్నికి. వాళ్లక్కని, అదే మీ అమ్మని, తీసుకెళ్లిపోతానని గది కూడా సర్దిందట. అక్క రాదని చెప్పు.