పురుక్కి తెలుస్తాదా ఆఫీసరని?

చౌడేపల్లె,
సోమవారం

మా అమ్మీ చంద్రికకు మీ అవ్వ పూలమ్మ వెయ్యి దీవెనలు. ఈడ నేను, మీ తాత ఎల్లప్ప, మీ నాయన మునిశేఖర్, షెడ్లో పట్టుపురుగులు అంతా బాగుండాము. నువ్వు బాగుండావని మాత్రం నాకు నమ్మకం లేదు.

ఫోన్లో అడగొచ్చు గదా అంటావు. ఫోన్లో నాకు సగం ఇనపడదు. ఇనపడే సగంలో మీ నాయన పక్కనే నిలబడి "గమ్మునుండుమా" అంటా ఉంటాడు. అందుకే పెద్దోళ్ళ బడిలో నేర్సుకున్న నాలుగక్షరాలు ఈ పొద్దు బయటికి తీసినా. తప్పులుంటే సర్దుకో.

మదనపల్లెలో డిప్లొమా సదివినావు, సరే. కుప్పంలో ఇంగా మూడు నెలలు ట్రైనింగు అన్నావు, సరే. రెండు నెలలు క్లాసులన్నావు, అదీ సరే. నిన్న మీ నాయన ఫోన్లో చూపించిన ఫోటో ఏంది? కాళ్ళ కాడ్నించి తలదాంకా తెల్ల ముసుగు. రెండు కండ్లు తప్ప ఏమీ లేవు. కరోనా అప్పుడు అట్లాంటి బట్టలేసుకున్నోళ్ళే వచ్చి మన వీధిలో రంగమ్మక్కను అంబులెన్సు ఎక్కించుకొని పొయినారు. ఆయమ్మ పది దినాలకు తిరిగొచ్చింది, అది వేరే సంగతి. నీకేం రోగమొచ్చింది? లేకుంటే రోగమున్నోళ్ళ మధ్యలో నిన్ను పెట్టినారా? పక్కింటి సరస్వతమ్మ చూసి "ఇది ఉద్యోగం మాదిరి లేదు పూలమ్మక్కా" అనింది. ఆ మాట ఇన్న కాడ్నించి నాకు సంగటి దిగలా.

ఉన్నదున్నట్టు రాయి. రాయకుంటే నేనే వస్తా.

దిగులుతో,
నీ అవ్వ పూలమ్మ

మరిచినా: ఆ ముసుగులో ఇంకొకర్ని నిలబెట్టి ఫోటో తీసినా నాకెట్లా తెలుస్తాది? ఈసారి ఎడమచేతి మీద కొడవలి మచ్చ కనపడేట్టు తీయించి పంపు.

*

కుప్పం,
గురువారం

దిగులులో కూడా ఊరగాయ పంపడం మరిచిపోని మా అవ్వకు చంద్రిక నమస్కారాలు.

నాకు ఏ రోగమూ లేదు. ఇది ఆస్పత్రి కాదు. ఫోన్లో, టీవీలో, నాయన పాలవ్యానులో కూడా గోరంత ముక్క ఒకటి ఉంటుంది. లోపల బుర్రంతా అదే. దాన్ని చిప్ అంటారు. వాటి ఫ్యాక్టరీలు మన దేశంలో ఇప్పుడిప్పుడే లేస్తాండాయి. మిషన్లు కొని తెచ్చుకోవచ్చు. వాటి ముందర నిలబడి పని చేసేవాళ్ళను కొనలేరు కదా, తయారు చెయ్యాల. అట్లా తయారయ్యే ఇరవై మందిలో నేనొకదాన్ని.

అప్పడమంత పల్చటి బిళ్ళ మీద కంటికి కనపడని గీతలు గీస్తారు. ఆ గీతల మీద ఒక్క దుమ్ము రవ్వ పడితే మన ఇంటి మీద బోయకొండ పడినట్టే. అందుకే ఆ గదిలోకి పోవాలంటే పూలు లేవు, పౌడరు లేదు, బొట్టు లేదు, గాజులు లేవు. ఆ ముసుగు మమ్మల్ని కాపాడేదానికి కాదవ్వా. మా నుంచి ఆ బిళ్ళను కాపాడేదానికి. మా రాజగోపాల్ సారు మొదటిరోజే చెప్పినాడు, "ఈ గదిలో అన్నిటికంటే మురికి వస్తువు మీరే" అని.

ఆఖరి పరీక్ష పాసైతే ఉద్యోగం. పాస్ కాకుండా నేను ఇంటికి రాను. ఇది రాసి పెట్టుకో.

నీ మనవరాలు,
చంద్రిక

తా.క.: మచ్చ చూపించలేను. చేతులకు గ్లౌజులుంటాయి. రెండు జతలు.

*

చౌడేపల్లె,
ఆదివారం

మురికి అనిపించుకొని కూడా ఆడే ఉండే మా మనవరాలికి అవ్వ రాసేది.

నీ జాబు మీ తాతకు సదివి ఇనిపించినా. "బాగుండాదే" అని మళ్ళీ పక్కకు తిరిగి పండుకున్నాడు. ఆయనకేం, దిగులు పడేదానికి నేనుండాను కదా.

ఎవురు మురికి? నెలబిడ్డప్పటి నించి నిన్ను సున్నిపిండి పెట్టి రుద్దినా. నా చేతులు కాయలు కాసినాయే గానీ నీ మెడ మీద మట్టి నిలవలా. ఆ సారుకు వాళ్ళమ్మ చిన్నప్పుడు ఎట్లా నీళ్ళు పోసిందో ఒకసారి కనుక్కో.

ఇంకోటి. బొట్టు లేకుండా, గాజులు లేకుండా, పూలు లేకుండా ఆడబిడ్డను తెల్లబట్టల్లో నిలబెట్టేది ఎప్పుడో నీకు తెలీదా? అట్లాంటిది నోటితో అనకూడదు. అందుకే రాస్తాండా.

పని నేర్సుకోవద్దని నేను అనలా. పాలవ్యాను తోలి తోలి మీ నాయన నడుము పొయింది. నీ కాళ్ళ మీద నువ్వు నిలబడాల. కానీ ఇంత కీడు నెత్తిన పెట్టుకొని నిలబడాల్నా? మీ నాయన చేత పలమనేరులో కుప్పం బస్సు కండక్టరుకు రెండు చుడీదార్లు ఇప్పించి పంపినా, నీలం ఒకటి, ఎర్రది ఒకటి. ఆ ముసుగు కింద అవే ఏసుకో. వేరేవి ఏసుకుంటే నాకు తెలుస్తాది.

ఇట్లు,
ఇంగా బతికుండే నీ అవ్వ

మరిచినా: నీలం చుడీదారు అంచులో నేనేమీ కుట్టలా. ఇప్పి సూడొద్దు.

*

కుప్పం,
బుధవారం

అవ్వా, నమస్కారం. క్షేమమని ఈసారి రాయలేను.

నిన్న బట్టలు మార్చుకునే గదిలో తెల్ల బూట్లు తొడుక్కుందామని వంగినాను. నీలం చుడీదారు అంచు పుటుక్కుమంది. కుంకుమ! పిడికెడు కుంకుమ! తెల్ల నేల మీద, తెల్ల గోడ మీద, పక్కనున్న మా జట్టు మణికంఠ తెల్ల ముసుగు మీద. గాలిలో దుమ్మును లెక్కపెట్టే మిషనొకటి అక్కడ ఉంటుంది. అది బిగించిన నాటినుంచి అంత పెద్ద అంకె చూపించలేదంట.

ఆ రోజుకు పని బంద్. ఇరవై మందిమీ వరండాలో నిలబడినాము. మణికంఠ నెత్తి దులుపుకుంటా "మీ అవ్వ నాకు పెండ్లి చేసేసింది" అన్నాడు. అందరూ నవ్వినారు. నేను నవ్వలేదు. రాజగోపాల్ సారు ఒక్కటే మాటన్నాడు: "ఇంకొక్కసారి ఇట్లా జరిగితే ఇంటికే. శుక్రవారం గాక పై శుక్రవారం ఆఖరి పరీక్ష."

సారు ముందర ఏడవలేదు. గదంతా నేనే తుడుస్తానని అడిగి, చేటంత చేటంత జాగా తుడుచుకుంటా పొద్దుగూకేదాంకా మోకాళ్ళ మీద ఉండినాను. నాకు నీమీద కోపం లేదు. కాదు, ఉండాది. పరీక్ష అయ్యేదాంకా ఉంటుంది.

చంద్రిక

తా.క.: ఎర్ర చుడీదారు కూడా ఇప్పి చూసినాను. పసుపుకొమ్ము సరే. రెండు మిరపకాయలు యాల అవ్వా?

*

చౌడేపల్లె,
ఆదివారం

బంగారమ్మా, మిరపకాయలు దిష్టికి.

నా చేతులిరగ. నీ అన్నంలో నేనే మన్ను పోసినా. మూడు దినాల నించి మీ తాత కూడా నిద్ర పోలా, నేను పోనియ్యలా. శుక్రవారం నేనే వస్తాండా. కుట్టింది నేను, మా బిడ్డకేం తెలీదని మీ సారుకు చెప్తా. ఆయన ఇనకుంటే నిన్ను పిలుచుకొనొస్తా. నీ బట్టలకు ఖాళీ సంచి కూడా తెస్తాండా.

ఇది చాలదని నాకింకో గండం. పురుగులు ఆఖరి మేత మీద ఉండాయి. నిన్న పట్టు ఆఫీసు నించి కొత్త ఆఫీసరొకడు వచ్చినాడు. బూట్లతో, సెంటు పూసుకొని, నేరుగా షెడ్డు గడప మీద కాలు పెట్టినాడు. పురుగుకు మురికీ వాసనా పడదని నేను తలలో పూలు తీసి గూట్లో పెట్టి, చీర మార్చి, సున్నం నీళ్ళలో కాళ్ళు ముంచి పొయ్యేదాన్ని. ఈయన అట్లా వస్తాడా? నాకు తెలీకుండానే చెయ్యి లేసింది. వేలు బయటికి చూపించి "బయటికి నాయనా" అంటి. "నేను ఆఫీసర్నమ్మా" అన్నాడు. "నువ్వు ఆఫీసరని పురుక్కి తెలుస్తాదా?" అంటి. మొగం ఎర్రగా చేసుకొని ఎలబారినాడు. ఇప్పుడు ఏం రాసి పెడతాడో, మనకు మళ్ళీ పట్టుపురుగు గుడ్లు ఇస్తారో ఇయ్యరో. నా నోరు పడిపోను.

శుక్రవారం గేటు కాడ ఉండు.

తప్పు చేసిన అవ్వ,
పూలమ్మ

మరిచినా: శుభ్రమంటే ఏందో మీ సారుకు నేనొచ్చి చెప్తా. ఆయన ఒక్క పురుగునన్నా పెంచినాడా?

*

కుప్పం,
శనివారం

అవ్వా! అవ్వా! కూర్చో. కూర్చొని చదువు.

నిన్న పరీక్షకు పొయ్యేముందు నీ జాబు మళ్ళీ చదివినాను. పూలు తీస్తావు, చీర మారుస్తావు, కాళ్ళు ముంచుతావు, సెంటు వాసనొస్తే ఆఫీసరునే తరుముతావు. మరి నా గది మీద నీకు కోపం యాల? ఇన్నేళ్ళు నువ్వు నాకు నేర్పింది ఇదే కదా!

మా జట్టు ఐదుగురం లోపలికి పొయినాము. పెట్టెలోనుంచి బిళ్ళను తీసి మిషన్లో పెట్టాల. కోడి ఈకతో పిల్ల పురుగుల్ని మార్చేటప్పుడు నా చెయ్యి పట్టుకొని చూపించేదానివి, గుర్తుండాదా? అట్లానే తీసినాను. అంతలో రాజగోపాల్ సారు లోపలికి వచ్చినాడు. మాస్కు ముక్కు కిందికి జారిపోయింది, చేతిలో మామూలు కాగితాల పుస్తకం. కాగితం నుంచి కూడా దుమ్ము రాలుతుంది, ఆ మాట నేర్పింది ఆయనే. నలుగురూ చూసినారు, ముగ్గురు తల దించుకున్నారు. మణికంఠ పైకప్పు చూసినాడు. సారును ఎవరంటారు?

నాకు తెలీకుండానే చెయ్యి లేసింది. "బయటికి సార్" అన్నాను. "నేనెవరో తెలుసా?" అన్నాడు. "మీరెవరో బిళ్ళకు తెలుస్తాదా సార్?" అన్నాను.

ఆయన పుస్తకం మూసుకొని బయటికి పోయినాడు. అయిపోయింది, సంచి సర్దుకోవాల్సిందే అనుకున్నాను. గంట తర్వాత పిలిపించినాడు. అదే అవ్వా అసలు పరీక్ష! చేతిపని అందరికీ వచ్చు, తప్పు చేసేది పెద్దవాళ్ళైనా ఆపగలరా లేదా అని చూసేదానికే కావాలని అట్లా వచ్చినాడంట. మా ఐదుగురిలో ఆపింది నేనొక్కదాన్నే. పాస్! "ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగినాడు. "చౌడేపల్లెలో సార్, పురుగుల షెడ్డులో" అన్నాను.

వస్తానంటివే, సాయంత్రం దాంకా గేటు కాడ చూసినాను. రాలేదు. కోపమైతే ఇప్పుడు లేదు.

నీ చంద్రిక

తా.క.: ఉద్యోగం ఏ ఊర్లో ఏస్తారో ఇంకా చెప్పలేదు. దానికి దిగులు ఇప్పుడే మొదలుపెట్టొద్దు.

*

చౌడేపల్లె,
బుధవారం

సారునే బయటికి పంపిన మా చంద్రికమ్మకు మీ అవ్వ రాసేది.

రాలేదన్నావు. వచ్చినా.

పుంగనూరు, పలమనేరు, కుప్పం, మూడు బస్సులు మారి పదకొండుకల్లా గేటు కాడ దిగినా. వాచ్‌మన్ పాపయ్య "పరీక్ష జరుగుతాండాది, వరండాలో అద్దం కాడ్నించి సూడమ్మా, కానీ తలలో పూలు తియ్యాల" అన్నాడు. మన షెడ్డు కాడ తీసినట్టే తీసి గోడ మీద పెట్టినా. తీసినాక తెలిసింది, ఇంతకాలం నీతో ఏం కొట్లాడినానో.

అద్దంలో ఐదు తెల్ల ముసుగులు. ఎవురు నా బిడ్డో తెలీలా. కండ్లు చూసినా, అన్నీ ఒకే మాదిరి. నడకలు చూసినా, అన్నీ బాతు నడకలు. మచ్చ లేదు, జడ లేదు. మనవరాలినే గుర్తు పట్టలేని దాన్నయినానే అని గోడ పట్టుకున్నా. అప్పుడు ముక్కు బయటేసుకొని ఎవురో లోపలికొచ్చినాడు. ఐదింటిలో ఒక ముసుగు చెయ్యి లేపి, వేలు బయటికి చూపించింది.

అది నా చెయ్యే.

మాట ఇనపడలా. ఇనాల్సిన పని లేదు. ఆయన సారని నీ జాబు సదివినాకే తెలిసింది, నేను తాపీమేస్త్రి అనుకున్నా.

ఖాళీ సంచి మడిచి నడుములో దోపుకొని గమ్మున వచ్చేసినా. ఆ పొద్దు పురుగులు గూడు కట్టే దినం. నేను లేకుంటే మీ తాత పురుగులు గూడు అల్లుకునే వెదురు తట్టల్ని, ఆ చంద్రికల్ని, తలకిందులుగా నిలబెడతాడు. నువ్వు పుట్టిన దినం కూడా చంద్రికల మీదికి పురుగుల్ని ఎక్కిస్తానే ఉంటిమి. నీకు పేరు ఆడ్నించే వచ్చింది.

ఆ ఆఫీసరు మళ్ళీ వచ్చినాడు. బూట్లిప్పి, కాళ్ళు కడుక్కొని "ఇప్పుడు రావచ్చునామ్మా?" అన్నాడు. సెంటు వాసన ఇంగా పోలా, రేపు రా నాయనా అన్నా.

ఏ ఊర్లో ఏసినా పో. నేను దిగులు పడతా, నువ్వు పని చేసుకో.

ఇట్లు,
నీ చెయ్యి ఎవరిదో తెలిసిన అవ్వ

మరిచినా: మీ సారుకు తినేదానికి నిప్పట్ల డబ్బా పంపినా. అడుగున నేనేమీ పెట్టలా. మూత మాత్రం ఆ గదికి దూరంగా తియ్యమను.