బావ చదివి వినిపించే ఉత్తరం

దువ్వాడ,
జూన్, 1983.

అమ్మకు,

నీ చిన్న కూతురు పైడితల్లి నమస్కారాలు. ఇక్కడ నేను, మేక, పక్కింటి అప్పాయమ్మ పెద్దమ్మ, ముగ్గురం బాగానే ఉన్నాం. అక్కడ రాయగడలో నువ్వు, నీ పెద్ద కూతురు గౌరీశ్వరి అప్ప, దాని చంటిది, బావ అందరూ బాగున్నారని తలుస్తాను. ఈ ఉత్తరం నీకు చదివి వినిపించేది అర్జునరావు బావే కాబట్టి బావకు కూడా నమస్కారాలు. బావా, మంచినీళ్లు తాగి కూర్చో. ఉత్తరం పొడుగ్గా ఉంది. నడుమ నీ పేరు చాలాసార్లు వస్తుంది. అక్కడ దగ్గు వచ్చినట్టు నటించి దాటెయ్యకు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్తాను. వంటింటి మూల కారుతూనే ఉంది. కింద సత్తు గిన్నె పెట్టాను, నిండినప్పుడల్లా పారబోస్తున్నాను. మేక ఇంకా ఈనలేదు. పెద్దమ్మ రోజూ వచ్చి దాని పొట్ట నిమిరి, "ఇయ్యాల కాపోతే రేపు" అని చెప్పి వెళ్తుంది. మేక మాత్రం ఆ మాట వినిపించుకోవడం లేదు. పెద్దమ్మ చేపల రేవు నుంచి ఎండు నెత్తళ్లు తెచ్చింది. వంకాయ వేసి పులుసు పెట్టాను, ఉప్పు ఎక్కువైంది. ఫ్యాక్టరీ పనుల లారీలు ఇప్పుడు మన వీధి చివర నుంచే పోతున్నాయి. ఉతికిన బట్టలు ఆరేస్తే ఎర్రగా తిరిగొస్తున్నాయి. నీ తెల్ల చీర లోపలే దండెం మీద ఆరేశాను, బెంగ పెట్టుకోకు. చంటిది ఎవరి పోలికో నువ్వు రాయించలేదు. ముక్కు మాత్రం బావది రాకుండా ఉంటే చాలు.

ఇక అసలు సంగతికి వస్తాను. నాకు భయంగా ఉందమ్మా. పరీక్షల ముందు వచ్చే భయం నాకు అలవాటే, నీకూ తెలుసు. ఇది అలాంటిది కాదు. ముద్ద నోట్లో పెట్టుకుంటే దిగడం లేదు. బస్సెక్కితే దిగాల్సిన చోటు దాటిపోతోంది. నిన్న మేకకు పెట్టాల్సిన కుడితి తీసుకెళ్లి తులసి మొక్క మొదట్లో పోశాను. ఆ మొక్క ఏమనుకుందో ఏమో.

అప్ప కూడా వింటుంది కదా, మొదటి నుంచీ చెప్తాను. మన కాలనీ పెద్ద గురునాథరావు గారు ఇంటింటికీ తిరిగి పేర్లు అడుగుతున్నారు. ఉక్కు ఫ్యాక్టరీకి భూమి పోయిన ఇంటికి ఒక కార్డు, ఆ కార్డుకు ఒక ఉద్యోగం. ఆ ఉద్యోగానికి మన ఇంట్లో ఎవరి పేరు పంపాలో ఈ నెలాఖరులోగా చెప్పాలట. ఒకసారి పంపాక మార్చడం కుదరదట. నాన్న ఉంటే ఈ ప్రశ్నే లేదు. నాన్న పోయాక మిగిలింది నేనూ, అల్లుడిగా బావా. నా పేరు పంపితే వాళ్లు ట్రైనింగుకు ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్లాలి. ఇంటర్‌తో నా చదువు సరి.

గురునాథరావు గారు అరుగు మీద కూర్చుని నా మొహం చూసి జాలిపడ్డారు. "ఏటమ్మా అలగ సూత్తావు? నీ పేరు రాయిత్తే రేపు నీకు పెల్లవుతాది. ఆ ఉజ్జోగం కాస్తా మీ అత్తోరింటికి పోతాది. అల్లుడి పేరు రాయించీ. కాదంటావా, మీ యమ్మ పేరే రాయించు. మొక్కలకి నీల్లు పోసీ పనో, ఊడిసీ పనో ఏదో ఒకటి ఇత్తారు" అన్నారు. అమ్మ వచ్చాక చెప్తానన్నాను. "ఒచ్చేదాకా ఆగడానికి ఆఫీసోలు మీ మేనమామలేటి?" అని కండువా దులుపుకుని పక్కింటికి వెళ్లిపోయారు.

సరిగ్గా ఆ నెలాఖరే సిటీ కాలేజీలో ఆనర్స్‌కు దరఖాస్తు పెట్టడానికీ ఆఖరు. ఆనర్స్ అంటే మామూలు డిగ్రీ కాదమ్మా. ఒక్క సబ్జెక్టునే లోతుకంటా చదివిస్తారు. నాకైతే ఫిజిక్సు. తరగతిలో ఉండేది కొద్దిమందే. చదువంతా ఇంగ్లీషులో. మొదటి ఏడు తప్పితే మామూలు డిగ్రీలోకి కూడా దింపరు, పెట్టె సర్దుకుని ఇంటికి రావడమే. నాకు ఇంటర్‌లో పాఠం చెప్పిన జ్ఞానశేఖర్ మాస్టారు నన్ను పిలిచి, "నువ్వు వెళ్లకపోయినా ఆ బెంచీ ఖాళీగా ఉండదమ్మా, ఇంకెవరో కూర్చుంటారు. నువ్వు కూర్చుంటే చూడాలని నాకు ఉంది. ముందొకసారి వెళ్లి ఆ క్లాసు చూసి రా" అన్నారు.

వెళ్లి చూశాను. ఈ సంగతి నీకు ఇంతవరకు రాయలేదు. నన్ను వెనక బల్ల మీద కూర్చోబెట్టారు. ఆనర్స్‌లో మాస్టారు బోర్డు దగ్గర నిలబడరమ్మా, పిల్లలే నిలబడి పాఠం చెప్పాలి. ఒక అమ్మాయి లేచి ఇంగ్లీషులో గడగడా చెప్పుకుంటూ పోయి నడుమ ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు. మాస్టారు తిట్టలేదు. అందరూ ఊరికే చూస్తూ ఉన్నారు. ఆ అమ్మాయి చేతిలో సుద్దముక్క విరిగింది. నవ్వి ఉంటే బాగుండేది. ఆ అమ్మాయి వాళ్ల నాన్న డాక్టరట. ఆమెకే మాట ఆగిపోతే, లేచి నిలబడగానే "నేను" అనబోయి మన యాసలో "నాను" అని మొదలుపెట్టే నా సంగతి ఏమిటి? అక్కడ తప్పి, ఇక్కడ ఉద్యోగమూ వదులుకుని, రెండూ పోయి ఇంట్లో కూర్చుంటే? నిన్ను ఎవరు చూస్తారు, నన్ను ఎవరు చూస్తారు? రోజంతా ఇదే తిరుగుతోంది బుర్రలో.

ఇలా ఉండగా, కార్డు సంగతీ ఆనర్స్ సంగతీ నేను ముందు రాసినదానికి జవాబుగా నీ ఉత్తరం వచ్చింది. బావ దస్తూరీ ఎప్పటిలాగే ముచ్చటగా ఉంది. అందులో ఏముందో బావకు గుర్తుండే ఉంటుంది. "ఆడపిల్లకు ఫ్యాక్టరీ ఉద్యోగం ఎందుకు? కార్డుకు అర్జునరావు పేరు రాయించు. నువ్వు ఆనర్స్ చదువుకో. అల్లుడు మనల్ని చూసుకుంటాడు" అని ఉంది. చదవగానే నాకు అనుమానం వచ్చింది. నాన్నకు జ్వరమొచ్చిన ఏడు నాగలి పట్టి మడి దున్నిన మనిషివి నువ్వు. ఆడపిల్లకు ఎందుకు అనే మాట నీ నోట ఎన్నడూ వినలేదు.

ఇంకొకటి కూడా చూశాను. నీ ఉత్తరం ఎవరు రాసిపెట్టినా, ఇంకోసారి చదివించుకుని విని, అంతా నువ్వు చెప్పినట్టే ఉందనుకున్నాక చివర పసుపు వేలు అద్దుతావు. నాన్న ఊరు వెళ్లినప్పుడల్లా నేను రాసిపెట్టిన ఉత్తరాల మీద అలాగే అద్దేదానివి. వరికోతల్లో కొడవలికి తెగిన గాటు ఆ వేలి మీద అడ్డంగా పడుతుంది. ఈ ఉత్తరం తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా పసుపు లేదు.

బావా, ఇక్కడ ఆగకు. అప్ప నీ వంకే చూస్తోందని నాకు తెలుసు, అయినా చదువు. నువ్వు అమ్మకు తిరిగి చదివి వినిపించలేదనుకున్నాను. అమ్మ ఒకటి చెప్తే నువ్వు ఇంకొకటి రాశావనుకున్నాను. మా ఇంటి ఉద్యోగం నీ చేతికి వచ్చాక నువ్వు మా గుమ్మం తొక్కవనీ, నేను పరీక్ష తప్పి వచ్చేసరికి అమ్మా నేనూ ఎవరికీ కాకుండా పోతామనీ ఏడ్చాను. చివరికి నీ దస్తూరీ బాగుండటం కూడా నేరమే అనుకున్నాను.

పెద్దమ్మ నన్ను చూసి, "ఏటే పైడీ, ఎండు సేప నాగ అయిపోనావు? మీ యమ్మ ఒచ్చి నన్ను తిట్టదేటి?" అంది. ఉత్తరం చూపించి నా అనుమానమంతా చెప్పాను. పెద్దమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓలమ్మ! ఇంటర్ పాసయిపోనావు గాని నీకు బుర్ర లేదే. అది పురిటిల్లు కాదేటి? పురుడెల్లకుండా ఉత్తరానికి పసుపెలగ పెడతాదే మీ యమ్మ? అసలే పట్టింపు మనిసి. ఈ ముక్క తెలీక అల్లుడ్ని దొంగని సేసీసినావా?" అంది.

ఆ ముక్క నాకు నిజంగానే తట్టలేదు. చంటిది పుట్టిందని ఊరంతా చెప్పుకుని తిరిగాను గానీ, అది పురిటి మైల ఉన్న ఇల్లు అన్న సంగతి మరిచిపోయాను. ఆ మాట విన్నాక నాకు ఊరట కలగాలి కదమ్మా. కలగలేదు. ఇంకా భయమేసింది. అక్కడే గడప మీద కూలబడ్డాను.

ఎందుకో చెప్తాను. ఇదొక్కటీ రాయడానికి ఇన్ని కాగితాలు పట్టాయి. బావ దొంగయితే బాగుండునని నేను అనుకున్నానమ్మా. బావ మోసం చేస్తున్నాడని నలుగురికీ చెప్పి, కార్డుకు నా పేరు రాయించుకుని, ఆనర్స్ వంక చూడకుండా ఉండిపోవచ్చు. ఇంటి కోసం చదువు వదులుకుంది పాపం పైడి, అని కాలనీ అంతా అంటుంది. నువ్వూ అదే అనుకుంటావు. ఆ బోర్డు దగ్గర నిలబడే పని మాత్రం తప్పిపోతుంది. నాకు కావలసింది అదొక్కటే. ఆ వెనక బల్ల మీద కూర్చున్నప్పటి నుంచీ, మానెయ్యడానికి ఒక కారణం వెతుక్కుంటున్నాను. పసుపు లేని ఉత్తరం దొరికింది, గట్టిగా పట్టుకున్నాను. పెద్దమ్మ నవ్వి దాన్ని నా చేతిలోంచి లాగేసింది. ఇప్పుడు నా భయమూ నేనూ మిగిలాం.

అయినా బావా, "ఆడపిల్లకు ఫ్యాక్టరీ ఉద్యోగం ఎందుకు" అన్నది మాత్రం అమ్మ మాట కాదు. నువ్వు కలిపిందే. కాదంటే ఇప్పుడే అమ్మ ముందు చెప్పు.

అమ్మా, ఇంకొక్క మాట. కార్డు నాన్న పేరున వచ్చింది గానీ ఫ్యాక్టరీ కింద పోయిన భూమి నీది. నీ పెళ్లిలో తాత పసుపు కుంకుమల కింద ఇచ్చిన మడి అది. ఆ మడికి బదులు వచ్చే ఉద్యోగం ఎవరికి ఇవ్వాలో చెప్పాల్సింది నువ్వు. గురునాథరావు గారు కాదు, బావ కాదు, నేనూ కాదు. నిన్ను అడగకుండా నేను ఎవరినో అనుమానించుకుంటూ కూర్చున్నాను.

ఈ ఉత్తరంలో మన ఇంటి అడ్రసు రాసిన పోస్టుకార్డు ఒకటి పెట్టాను. ఈపాటికి పురుడు వెళ్లి ఉంటుంది. బావ ఈ ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా, తనను అన్న మాటలతో సహా నీకు చదివి వినిపించి ఉంటే, నీకు బావ మీద నమ్మకం ఉంటే, ఆ కార్డు మీద నీ పసుపు వేలు అద్ది పంపు. ఏమీ రాయించక్కర్లేదు. ఆ గాటు చూస్తే నాకు తెలుస్తుంది. వెంటనే గురునాథరావు గారి దగ్గరికి వెళ్లి బావ పేరు రాయిస్తాను. అప్పాయమ్మ పెద్దమ్మ చూస్తుండగా బావను చేతులెత్తి క్షమించమని అడుగుతాను. పెద్దమ్మ ఆ ముచ్చట కోసం ఇప్పటినుంచే ఎదురుచూస్తోంది.

బావా, నీకు మనసొప్పకపోతే ఈ ఉత్తరాన్ని పొయ్యిలో పెట్టొచ్చు. అందలేదని చెప్పొచ్చు. ఇక్కడ కూర్చుని నేను ఏమీ చెయ్యలేను. అయినా పోస్టు చేస్తున్నాను. నెలాఖరు దాకా చూస్తాను. పోస్టుకార్డు రాకపోతే ఉద్యోగానికి చిలకమ్మ అని మా అమ్మ పేరే రాయిస్తాను. ఏ పని ఇస్తే ఆ పని చేస్తుంది, మా అమ్మ పనికి భయపడే మనిషి కాదు.

వచ్చినా రాకపోయినా నా పేరు మాత్రం ఉద్యోగానికి రాయించనమ్మా. అది ఆనర్స్ దరఖాస్తు మీదే రాస్తాను. పోస్టుకార్డు వస్తే భయం తగ్గుతుందని అనుకోవడం లేదు. బోర్డు దగ్గర నిలబడ్డప్పుడు "నాను" అనే మొదలుపెడతానేమో. సుద్దముక్క విరుగుతుందేమో. విరిగితే ఇంకొకటి అడుగుతాను.

ఇట్లు,
నీ చిన్న కూతురు,
పైడి