ముత్తవ్వ ఆపని చేతులు

ఎల్లారెడ్డి, ఆదివారం రాత్రి

డిగ్రీ పూర్తిచేసిన మహామేధావిని కనుక ఇవాళ మూఢనమ్మకాలపై యుద్ధం ప్రకటించాను.

గోడమీది పాత ఫొటోలో మా అవ్వ తల్లి ముత్తవ్వ, ఆమె చెల్లె గోచి పెట్టి చీర కట్టుకుని, ఒడిలో చాటలతో బీడీలు చుడుతున్నారు. ముత్తవ్వ చేతులు కదిలి మసకబారాయి. చెల్లె చేతులు గోళ్లతో సహా స్పష్టంగా ఉన్నాయి.

“ఫొటో దిగేటప్పుడు చేతులు ఆపొద్దు బిడ్డా. గా ఫొటోల మా చిన్నమ్మ ఆపింది, నెల తిరగక ముందే సచ్చిపోయింది,” అంది అవ్వ, బీడీ చుడుతూనే.

“గట్లనా? నువ్వు గూడ ఆపు, సూద్దాం!”

నవ్వి ఆపింది. ఫోన్‌లో తీశాను. గోళ్లు కూడా స్పష్టంగా పడ్డాయి. వెంటనే డిలీట్ చేశాను.

అప్పటినుంచి చాట అవ్వ ఒడిలోనే ఉంది, బీడీ ఆకు ముట్టలేదు. పుట్టాక మొదటిసారి ఆమెను పనిచేయమని బతిమాలాను.

“ఎందుకో బుద్ధి అయితలేదు బిడ్డా,” అంది.