అద్దానికి చెప్పిన జవాబు

పిచ్చుకా, నీ కోటు చేతులు పొడుగయ్యాయిగా, దర్జీ దగ్గరికి పట్టుకెళ్తున్నాను. అన్నం మీద మూత పెట్టాను, తినకుండా వీసా ఇంటర్వ్యూకి పరిగెత్తకు. పాస్‌పోర్టు నీ సంచిలోనే ఉంది, నీ ఫొటో చూసి మళ్ళీ అక్కడే పెట్టేశాను.

పొద్దున నువ్వు అద్దం ముందు జవాబులు వల్లెవేస్తుంటే తలుపు చాటునుంచి విన్నానే. "చదువు అవగానే ఇంటికి తిరిగొచ్చేస్తాను సార్" అని ఎన్ని రకాలుగా చెప్పావో! నవ్వుతూ చెప్పిందే బాగుంది, నేనైతే అక్కడికక్కడే ముద్ర గుద్దేసేదాన్ని. కానీ పెళ్ళికి ముందు మీ తాత కూడా "సిగరెట్లు మానేస్తాను" అని ఇంత చక్కగానే అప్పజెప్పాడు. అందుకే అడుగుతున్నా, తిరిగొస్తానన్నది నిజంగానా, ఆ ఆఫీసరు కోసమా? ఏదైనా కోప్పడనులే, ఊరికే తెలుసుకుందామని.

అమ్మమ్మ

అన్నట్టు, నాకు జవాబు చెప్పేటప్పుడు మాత్రం అద్దం ముందు వల్లెవేసుకుని రాకు.