పావనికి కొట్టిన చప్పట్లు

పిడుగురాళ్ల దగ్గర,
శుక్రవారం.

రమక్కకు నీ చెల్లెలు సుజాత నమస్కారాలు. నాన్న మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావ, బుజ్జి ఎలా ఉన్నారు? నీ నడుం సంగతి కూడా రాయి, దాటెయ్యకు. ఇక్కడ నేను కులాసాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను, వేళకు పడుకుంటున్నాను, బెంగ పెట్టుకోవద్దు. ఫోనుండగా ఉత్తరమేమిటని బావ నవ్వుతాడు, నవ్వనీ. ఫోనులో ఏదైనా గట్టి విషయం ఎత్తితే నువ్వు "అన్నం తిన్నావా" అని మాట మార్చేస్తావు. కాగితం మీద మార్చలేవు కదా.

శ్రీకాకుళం వదిలి ఈ బళ్లో చేరి మూడు నెలలైంది. ఊరు నాకింకా పట్టుబడలేదు. పొద్దున తుడిచిన కిటికీ మధ్యాహ్నానికి సున్నపు బట్టీల దుమ్ముతో తెల్లబడుతుంది. ఇప్పుడు కల్లాల్లో మిరపకాయలు ఎండబోశారు, గాలి ఇటు తిరిగితే క్లాసంతా తుమ్ములే. మొదట్లో ఎనిమిది కూతలు వేయించినా కుక్కర్లో పప్పు గింజ గింజగానే ఉండేది. నేను అద్దెకున్న ఇంటావిడ సుబ్బులు అత్తయ్య చూసి, "ఆ బోరు నీళ్లతో ఎట్టా ఉడుకుద్దమ్మా, క్యాను నీళ్లు పొయ్యి" అని ఒక బిందె తెచ్చిచ్చింది. నోరు కటువే గానీ మనిషి మంచిది. ఇక్కడి కారానికి నాకు రోజూ కన్నీళ్లే. ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే మనవైపు బెల్లం కాస్త పంపు.

ఇక అసలు సంగతి. నా పదో తరగతిలో పావని అనే పిల్ల ఉంది. రోజూ మొదటి పీరియడు సగమయ్యాక వచ్చేది. ఆలస్యం ఎందుకని అడిగితే తల వంచుకునేది తప్ప నోరు విప్పేది కాదు. కొత్త టీచర్ని, మెత్తగా ఉంటే నెత్తికెక్కుతారని నాలుగు రోజులు గుమ్మం బయట నిలబెట్టాను. నా గొప్ప నేనే చెప్పుకుంటుంటే సుబ్బులు అత్తయ్య చేటలో బియ్యం పక్కన పెట్టి నన్ను చూసింది.

"ఆ పిల్లనా నిలబెట్టింది? వాళ్లమ్మకి పచ్చవాతం వచ్చి ఏడాదిన్నర. నాన్న సున్నం లారీ ఎక్కితే నాలుగు రోజులకి గానీ దిగడు. కడగటం, తినిపిచ్చటం, మందులు, అన్నీ ఆ పిల్లే."

ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లాను. మంచం మీద తల్లిని పావని పక్కకు తిప్పుతోంది. నేనూ ఒక చెయ్యి వేయబోతే, "అట్టా కాదు టీచర్, భుజం లాగితే నొప్పి పుట్టిద్ది. నడుం కింద పెట్టండి చెయ్యి" అంది. నాకు చేతకాలేదు. అయిదేళ్లు మంచాన ఉన్న అమ్మ దగ్గర పెరిగినదాన్ని, మనిషిని పక్కకు తిప్పడం రాలేదు. మన ఇంట్లో అది నీ పని కదా. చాలా సిగ్గేసింది అక్కా.

నిలబెట్టిన పాపం కడుక్కుందామని సోమవారం ప్రార్థనలో ఆ పిల్ల గురించి అందరి ముందూ చెప్పాను. తల్లికి తల్లయిన పిల్ల అన్నాను. హెడ్‌మాస్టరు గారు పావనిని స్టేజి మీదికి పిలిచి పెన్ను బహుమతి ఇచ్చారు. బడంతా చప్పట్లు. మంచి పని చేశాననే సంతోషంతో ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

మంగళవారం నుంచి పావని రాలేదు. వారం గడిచింది. పబ్లిక్ పరీక్షలు ఇంకో నెలలో ఉన్నాయి, పరీక్ష కూడా రాయనని తోటిపిల్లలతో అందట. మంచి చేయబోతే ఇలా ఎందుకైందో నాకు అంతుపట్టలేదు. తల్లిని కొన్నాళ్లు బంధువుల ఇంట్లో ఉంచి, పిల్లను హాస్టలున్న బళ్లో వేద్దామన్నారు హెడ్‌మాస్టరు గారు. "బంధువులు చూసేవాళ్లయితే ఈపాటికి చూడరా?" అంది అత్తయ్య. పోనీ తండ్రిని లారీ మానమందామంటే, "మానితే మందులెట్టా వస్తయ్యి?" అంది. ఎవరి మాట విన్నా సబబుగానే ఉంది. అన్నీ విన్నాక ఏం చేయాలో మాత్రం తెలియడం లేదు.

మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. పావని బట్టలు ఆరేస్తోంది, నా వైపు చూడలేదు.

"నా మీద కోపమా?" అన్నాను.

"కోపమేంది టీచర్." ఒక చీర దులిపింది. దాన్ని తీగ మీద వేస్తూ అంది: "బళ్లో నేను ఉట్టి పావనిని. ఆడున్నంతసేపు అమ్మ గుర్తుకొచ్చేది కాదు. ఇప్పుడు కనపడ్డ ప్రతివాళ్లూ మీ అమ్మకెట్టుందే అంటన్నారు."

"నీ మంచి కోసమే చెప్పాను పావనీ."

"తెలుసు. కానీ అందరూ చప్పట్లు కొట్టారు గదా టీచర్. ఇంక నాకు చేతగావట్లేదని ఎవురికి చెప్పను? మొన్న అమ్మ మీద అరిచా. చానా అరిచా. అది తెలిస్తే మళ్లీ కొడతారా చప్పట్లు?"

నన్నేం చేయమంటావని అడిగాను. ఆ మాట అంతకుముందు ఒక్కసారి కూడా అడగలేదని అప్పుడు తట్టింది. ఖాళీ బకెట్టు పక్కన పెట్టి అంది: "ఆదివారం రెండు గంటలు అమ్మ కాడ కూకుంటారా? నేను బయటికి పోవాల."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదు. ఊరికే."

ఆదివారం వెళ్లి కూర్చున్నాను. జావ తాగించబోయి సగం ఆవిడ మెడ మీద పోశాను. పాపం, ఆవిడే వంకర నోటితో "పర్లేదమ్మా" అంది. చెప్పినట్టే రెండు గంటలు గడిచేసరికి పావని తిరిగొచ్చింది. ఎక్కడికి వెళ్లిందో చెప్పలేదు, నేనూ అడగలేదు. సోమవారం బడికి వచ్చింది, ఇరవై నిమిషాలు ఆలస్యంగా. లోపలికి రమ్మన్నాను. "మమ్మల్నైతే నిలబెడతారు గదా టీచర్" అన్నాడు వెనక బెంచీవాడొకడు. వాడి మాటా న్యాయమే.

ఇప్పుడు పరీక్షల సంగతి మిగిలింది. ఆ రోజుల్లో నాకు వేరే ఊళ్లో డ్యూటీ. పరీక్ష ఉన్న పొద్దులు తాను కూర్చుంటానని సుబ్బులు అత్తయ్య ఒప్పుకుంది. "మంచం పక్కన కూకోటానికి నాకేమన్నా డిగ్రీ కావాల్నా?" అంది. ఆ మాట పావనికి చెబితే అవుననలేదు, కాదనలేదు. "అమ్మ వేరేవాళ్లతో కడిగించుకోదు టీచర్" అని ఊరుకుంది. అడ్డు నిజంగా తల్లేనా, పిల్ల మొహమాటమా? పిల్లను బతిమాలితే అది కూడా ఆ చప్పట్లలాగే ఇంకో బరువవుతుందేమో. వదిలేస్తే పరీక్ష పోతుంది. రోజుకో తీరుగా అనిపిస్తోంది.

అందుకే నిన్ను అడుగుతున్నాను. మన ఇంట్లో ఇది తెలిసినదానివి నువ్వొక్కదానివే. నాన్నకు నా నమస్కారాలు చెప్పు, వీధి చివర పెద్దమ్మను అడిగానను, బుజ్జికి ముద్దులు. పెద్దవాళ్ల దీవెన ఉంటే నేను ఇక్కడ బాగానే ఉంటాను. నా గురించి దిగులొద్దు.

నువ్వు పదో తరగతి పరీక్ష రాయలేదు. అమ్మను వదిలి వెళ్లలేక మానేసిందని ఊరంతా నిన్ను మెచ్చుకుంది. మా అక్క దేవత అని నేను బళ్లో వ్యాసం రాసి ప్రైజు కూడా తెచ్చుకున్నాను. అందరూ చెప్పిందే నేనూ నమ్మాను. కానీ అక్కా, ఆ పరీక్షల రోజుల్లో నేను ఇంట్లోనే ఉన్నాను. నాకు పదమూడేళ్లు, మా బళ్లో పదో తరగతి పరీక్షలని మాకు పొద్దున పూట సెలవు. అమ్మ దగ్గర కూర్చోగల మనిషిని ఒకదాన్ని ఉన్నాను కదా. ఆ పొద్దు కూర్చోమని నువ్వు నన్ను అడిగావా? ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. అడిగి ఉంటే నేనేమన్నాను? నేను బాధపడతానని చూడకుండా ఉన్నదున్నట్టు రాయి.

నీ చెల్లెలు
సుజాత