పరదా అవతలి నవ్వు

1946 మార్చి 4, సోమవారం

అంగడి మైదానంలో టెంటు టాకీసు దిగింది. సినిమా వట్టి చెత్త. రాక్షసుడికి దగ్గు, దేవుడికి బొజ్జ. పాట మొదలైతే కథ పండుకుంటుంది, పాట అయిపోయినా లేవదు. డైరెక్టరును నల్లగొండ ఎండలో నిలబెట్టాలి. ఒక్క కామిక్ సీను మాత్రం బాగుంది. దొంగ పెరుగు కుండలో తల ఇరికించుకుని, కళ్లు కనిపించక, బయటికి దారి చూపమని ఇంటాయన్నే బతిమాలుతాడు.

కచేరీలో పని ఉందని అమ్మకు అబద్ధం చెప్పి పోయాను. భద్రమ్మ పోయి ఏడాది తిరగలేదు. పెళ్లాం పోయినవాడు ఏడాదిలోపు సినిమా చూస్తే ఊరు ఊరుకోదు. కానీ సాయంత్రాలు ఆ ఇంట్లో కూర్చోలేను. వాళ్లమ్మ పోయిన రోజు నుంచి మా కూతురు నాగులు నోరు విప్పలేదు. ఏడేళ్ల పిల్ల, పలకరిస్తే గోడ వైపు తిరుగుతుంది.

మార్చి 6, బుధవారం

మళ్లీ అదే సినిమా. నాకు సిగ్గు లేదు.

కుండ సీనులో, ఆడవాళ్ల వైపు కట్టిన పరదా అవతల భద్రమ్మ నవ్వింది. ముందు ముక్కుతో చిన్నగా, తర్వాత ఊపిరి అందనట్టు. పాలు పొంగిపోయినా అట్లాగే నవ్వేది. ఆ నవ్వు విషయంలో నేను పొరపాటు పడను. రీలు మార్చడానికి లైటు వేసినప్పుడు వంగి చూశాను. పరదా కింద పాదాలు మాత్రమే కనిపించాయి.

మార్చి 7

నవ్వింది.

మార్చి 9, శనివారం

గేటు దగ్గర టికెట్లు చింపే యాదయ్యను అడిగాను, ఆడవాళ్లలో అట్లా నవ్వేది ఎవరని. గా సీనుకు అందరు నవ్వుతరు సాబ్, మీరొక్కరే ఏడుస్తున్నరు అన్నాడు. ఏడుస్తున్నానని నాకు తెలియదు. వాడి మీద కోపం వచ్చింది.

మార్చి 10, ఆదివారం

ఆట వదిలాక ఆడవాళ్ల గేటు ముందు నిలబడ్డాను. ఎవరేమనుకుంటే నాకేం. ఒక్కొక్క మొహమే చూస్తున్నాను. అందరికన్నా వెనక మా అమ్మ ఈదమ్మ వచ్చింది, నాగులు చేయి పట్టుకుని. భజనకు పోతున్నామని నాతో చెప్పి బయల్దేరినవాళ్లు.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడాది కాలేదని నాకెర్కే కొడుకా, ఒకనాడు గిటు తోల్కొస్తే పోరి జర కదిలింది, గందుకే రోజు వస్తున్నం అంది. నేను చేసిందీ అదే. ఆ నవ్వు నాగులుదా అని అడిగాను. పోరి పెదవి గూడ కదపలే, చెవి పెట్టి వినుడు గంతే అంది.

అప్పుడు నాగులు నా వేలు పట్టుకుంది. ఇన్ని నెలలకు దాని గొంతు విన్నాను. అమ్మ మీ మొగోళ్ల దిక్కు కూసోని నవ్వుతాంది గద నాయినా, ఇంటికెందుకు తోల్కొస్తలేవు అని అడిగింది.

నాకు చాలా భయం వేసింది. అంతకన్నా ఎక్కువ ఆశ పుట్టింది, అదే బాధ.

మార్చి 11

ఆఖరి ఆట. యాదయ్యను బతిమాలి పరదా కొస ఎత్తించాను. అక్కడే కూర్చుని నాగులును ఒళ్లో పెట్టుకున్నాను. కుండ సీను వచ్చింది. ఇద్దరం చెవులు రిక్కించాం. అటు నుంచి ఆ నవ్వు రాలేదు. ఇటు నుంచీ రాలేదు.

నాగులు నవ్వింది. భద్రమ్మ నవ్వు కాదు. దానిదే.