ఖాళీల కింద పోయిన పేరు

మంగళవారం, కరీంనగర్

ప్రోగ్రాములో ఏ వరుస ఎవరు రాశారో గుర్తుపెట్టుకునే గిట్ అనే సాఫ్ట్‌వేర్, ఖాళీలు మారితే ఏం చేస్తుంది, ఫైలు పేరులో పెద్దక్షరం చిన్నక్షరమైతే ఏం చేస్తుంది అని పరీక్షించే చిన్న ప్రోగ్రాములు, స్క్రిప్టులన్నీ రాసింది నేను. మూడు వారాలు పట్టింది. శుక్రవారం మా లీడ్ శ్రీకాంత్ సార్ వాటిలో వరుసల ముందుండే ఖాళీల్లో ట్యాబులు తీసి స్పేసులు పెట్టాడు. ఒక్క అక్షరం మార్చలేదు. అయినా ఇప్పుడు గిట్‌లో దాదాపు ప్రతి వరుస పక్కనా ఆయన పేరే.

ఈరోజు మీటింగులో మేనేజర్ మేడమ్ తెర మీద అది చూసి, "మస్తు చేసినవ్ శ్రీకాంత్" అంది. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నేనే లేచి, ఖాళీలను లెక్కపెట్టొద్దని గిట్‌కు చెప్పి మళ్ళీ చూపించాను. తెర నిండా నా పేరు వచ్చింది.

బయటికొచ్చాక సార్ ఆపాడు. "గింత చిన్నదానికి అందరి ముందట ఇజ్జత్ తీస్తవా, లావణ్యా?"

"చిన్నదే అయితే, రాసింది నేనని మీరే చెప్పొద్దా సార్?" అన్నాను.

సాయంత్రం మేడమ్ పిలిచింది. "టీంల జర కలిసి ఉండాలె గదనే" అని, నన్ను వేరే పనికి మార్చింది. స్క్రిప్టులు ఇక సార్ చూసుకుంటాడట. అవి ఎలా నడపాలో ఆయనకు తెలియదు. రేపు పక్కన కూర్చొని నేనే నేర్పాలి.